ఆఖరి రీలు చూడని మామయ్య

మా మామయ్య పళ్ళు చేస్తాడు. డాక్టరు కాదు, రోగి నోరు ఆయన చూడడు. ఆసుపత్రుల వాళ్ళు బోసి చిగుళ్ళ అచ్చు తీసి డబ్బాలో పెట్టి పంపిస్తారు. అందులో ప్లాస్టర్ పోసి నోటి నమూనా తీస్తాడు. దానిమీద మైనం పరిచి, ఒక్కొక్క పన్నే అందులో నిలబెట్టుకుంటూ వస్తాడు. చివరికి ఆ మైనాన్ని కరిగించి తీసేసి, ఆ చోట గులాబీరంగు ముద్ద కూరి వేడినీళ్ళలో ఉడికిస్తే పళ్ళ సెట్టు గట్టిపడుతుంది. బుద్ధి తెలిసినప్పటినుంచీ ఇదే పని. తన నోట్లో మాత్రం రెండు పళ్ళు ఊడి చాలా కాలమైనా పెట్టించుకోలేదు. ఎందుకని అడిగితే, "వంటవాడికి ఆకలేస్తుందా?" అంటాడు.

పనిగది మేడమీద. కింద వంటిల్లు, ఒక పడకగది. ఆ పనిగదిలోకి ఎవరు మొదటిసారి వచ్చినా గుమ్మంలోనే ఆగిపోతారు. అరల నిండా నోళ్ళు. మొహాలు లేకుండా ఒట్టి దవడలు వరసగా నవ్వుతూ ఉంటాయి. మావాడు నెలల పిల్లాడప్పుడే వాటికి అలవాటుపడ్డాడు. వాడికి ఇప్పుడు రెండో ఏడు. పళ్ళన్నీ ఇంకా రాలేదు గాని, అరలవైపు చూపించి "హిహి" అంటాడు.

వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళడం నాకు ఎప్పుడూ భయమే. నేను నీళ్ళు పరీక్షించే లేబొరేటరీలో పనిచేస్తాను. పళ్ళ ముద్దలో కలిపే ద్రవం ఆవిరి పసివాళ్ళ ఊపిరికి మంచిది కాదని నాకు తెలుసు. ప్లాస్టర్ దుమ్ము అంతకన్నా చెడ్డది. అయినా ఆదివారం మావారికి డ్యూటీ. ఇంట్లో నేనూ వాడూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటే సాయంత్రానికి ఇద్దరం ఏడుస్తాం. అందుకని మామయ్య శనివారమే సీసాలన్నిటికీ మూతలు బిగించి, నేల తడిగుడ్డతో తుడిచి, కిటికీలు బార్లా తెరిచి ఉంచుతాడు. నేను వెళ్ళి మళ్ళీ వాసన చూస్తాను. "ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు" అంటాడు డ్రైవరు బాబాయి.

ఈ బాబాయి మాకు చుట్టం కాదు. సిటీబస్సు నడిపేవాడు. ఆయనా మామయ్యా ఒకరికొకరు ఏమవుతారో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మా అమ్మ "మీ మామయ్య స్నేహితుడు" అంటుంది, ఆ మాట మీద కాస్త బరువు పెట్టి. రెండు పూటలా తిండి మామయ్య దగ్గరే. ఆయన తువ్వాలు మామయ్య తీగమీదే ఆరుతుంది. చిరునామా మాత్రం వేరు: బస్సు డిపో వెనక, కంపెనీ ఇచ్చిన క్వార్టరు. ఇన్నేళ్ళూ రెండు ఇళ్ళకు తాళాలు వేస్తూ తీస్తూ గడిపారు. వయసులో ఉండగా అది జాగ్రత్త. ఇప్పుడు మోకాళ్ళు అరిగాక, అదొక శిక్ష.

ఈ ఏడు బాబాయి రిటైరయ్యాడు. క్వార్టరు నెలాఖరుకు ఖాళీ చేయాలి. వేరే ఊళ్ళో ఉన్న ఆయన తమ్ముడు మేడమీద గది కట్టించి, అన్నయ్యను వచ్చెయ్యమన్నాడు. బాబాయి వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. మామయ్య ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. నెల కరిగిపోతోంది. ఇద్దరూ భోజనం దగ్గర ఉప్పు తక్కువైందని, కారం ఎక్కువైందని మాట్లాడుకుంటున్నారు. ఆదివారాలు వచ్చే అందరికీ ఈ సంగతి తెలుసు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలో తెలియక సినిమాలు చూస్తున్నాం.

ఆదివారాలంటే ఇదీ. మధ్యాహ్నం పనిగదిలో ఒక అర ఖాళీ చేసి, గోడకు తెల్లదుప్పటి కట్టి, చిన్న ప్రొజెక్టరుతో సినిమా వేస్తారు. ఒక వారం పాతది, ఒక వారం కొత్తది. తర్వాత దానిమీద చర్చ. చర్చ అంటే నటన బాగుందా, పాటలు బాగున్నాయా అని కాదు. ఈ సినిమాలో మనలాంటివాళ్ళు ఎక్కడున్నారు అని. ఉన్నారని తీసినవాళ్ళకే తెలియకపోవచ్చు. హీరో స్నేహితుడు హీరోను చూసే చూపు, వదినా మరదళ్ళు ఒకే దిండుమీద తలపెట్టి చెప్పుకునే కబుర్లు, పెళ్ళి వద్దని కారణం చెప్పని అత్త; ఇవే వాళ్ళు వెతికేది.

వచ్చేవాళ్ళు ఎక్కువమంది కాదు. మామయ్య, బాబాయి, రిటైరైన లెక్కల టీచరు, కళ్ళద్దాల షాపులో పనిచేసే అమ్మాయి. టీచరుగారు ఒక స్నేహితురాలితో చాలాకాలం ఒకే ఇంట్లో ఉండి, ఆమె పోయాక ఒంటరిగా ఉంటోంది. అద్దాలమ్మాయి అందరిలోకీ చిన్నది. ఇలా వెతకడాన్ని "క్వీర్ చూపు" అంటుంది, తమలాంటివాళ్ళకు ఇంగ్లీషులో అదే పేరట. ఆ మాట టీచరుగారికి నచ్చదు.

"మన చూపు అంటే సరిపోదటమ్మా?"

"మన చూపంటే ఎవరి చూపైనా కావచ్చు టీచర్. మనం ఉన్నామని ఒక పేరుండాలి కదా."

"పేరు పెట్టే లోపల నా కళ్ళకు శుక్లాలు వచ్చాయి. నీ షాపులో అద్దాలు తక్కువకిస్తే ఏ చూపైనా సరే."

ఆ గదికి ఒక ఆచారం ఉంది. సినిమా చివరిదాకా చూడరు. కథలో మనుషులంతా ఒకే చోటికి చేరడం మొదలుపెట్టగానే, అంటే పెళ్ళిపందిట్లోకో కోర్టులోకో ఆసుపత్రిలోకో వస్తుండగానే, మామయ్య ఆపేసి దీపం వేస్తాడు. అందరూ ఒక గదిలోకి చేరారంటే ఎవరో చావాలి, లేకపోతే ఎవరికో పెళ్ళి కావాలి అని ఆయన సిద్ధాంతం. మనవాడైతే చస్తాడు, లేకపోతే వాడికే పెళ్ళి చేస్తారు. ఆ రెండూ చూడటానికి మనం టికెట్టు కొనాలా అంటాడు. ఆపేశాక ఒక్కొక్కరూ తమ ముగింపు చెబుతారు.

కుర్రతనంలో సినిమాహాల్లో కూడా ఆయన అంతే. ఆఖరి రీలుకు ముందే లేచి వచ్చేసేవాడు. అలా లేచి వచ్చిన ఒక సాయంత్రం సైకిలు స్టాండులో ఇంకొకడు నిలబడి ఉన్నాడట, వాడూ మధ్యలో వచ్చేసినవాడే. "లోపల కడుపునొప్పా?" అని అడిగాడట మామయ్య. "కాదు, వాడు చావడం చూడలేను" అన్నాడట ఆ కుర్రాడు. మా బాబాయే, అప్పటికి బస్సు క్లీనరు. తర్వాతే ఆయన డ్రైవరయ్యాడు. ఆ సినిమా గురించి ఇద్దరూ నాకు చాలాసార్లు చెప్పారు. ఒక ఊళ్ళో ఇద్దరు స్నేహితులు చిన్న అచ్చు ప్రెస్సు నడుపుతారు. పని అయ్యాక ఒకడు కిరసనాయిలు గుడ్డతో రెండోవాడి వేళ్ళకంటిన సిరా తుడుస్తాడు. ఒక పాట చరణమంతా అదే. హీరోయిన్ ఇంకా కథలోకి రానేలేదు. "ఆ వేళ్ళు తుడవడం చూశాక నాకు ఇంటికెళ్ళి అన్నం సయించలేదు" అని బాబాయి అంటాడు. ఇద్దరూ దాన్ని ఎన్నిసార్లు చూశారో! ఒక్కసారీ చివరిదాకా కాదు.

ఆ నెల మొదట్లో అద్దాలమ్మాయి ఒక కొత్త సినిమా తెచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు. అంతా బాహాటమే. ముద్దు పెట్టుకుంటారు, ఇంట్లో చెబుతారు, తండ్రి కోప్పడతాడు, తల్లి ఏడుస్తుంది. చివరికి అమ్మా నాన్నా కొడుకు ఫ్లాటుకు వచ్చి తలుపు తడతారు. తలుపు తెరుచుకుంటుండగా మామయ్య ఆపేశాడు.

"అంకుల్, ఇది మంచి ముగింపు. వాళ్ళు ఒప్పుకుంటారు. దీన్ని ఆపకండి" అంది అమ్మాయి. ఆమె కళ్ళలో అప్పటికే నీళ్ళున్నాయి.

మామయ్య దీపం వేశాడు. అందరూ ఒకచోట చేరుతున్నారు కదా అన్నాడు. ఆమె ఆ వారం తన ముగింపు చెప్పనంది. ఇన్నేళ్ళు మీరు ఏడుపు ముగింపుల నుంచి తప్పించుకున్నారు, సరే, మరి మంచిది వచ్చినా తప్పించుకుంటే అది భయం కాక మరేమిటి అంది. ఆమె అన్నదాంట్లో నిజముందని నాకనిపించింది. టీచరుగారు మాట మార్చడానికి ఆ సినిమామీద పడింది. ఆ ఇంట్లో ఎవరూ పనికి పోరేమిటి? ప్రేమిస్తున్నామని చెప్పడానికే సినిమా అంతా సరిపోయింది, చెప్పాక అంట్లు ఎవరు తోమారో చూపించొద్దూ? తను అసలు ఎవరికీ ఏమీ చెప్పలేదట, స్నేహితురాలికి కూడా. ఇద్దరికీ బియ్యం ఏరడం, కరెంటు బిల్లు కట్టడం తెలుసు, అంతే.

"మీ కాలంలో చెప్పకపోవడం గొప్పేం కాదు టీచర్, గతిలేక" అంది అద్దాలమ్మాయి.

"గతిలేకే. కాదన్నానా?" అంది టీచరుగారు. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

అప్పుడు మామయ్య తన మాట చెప్పాడు. పళ్ళసెట్టు చేసేటప్పుడు పళ్ళు మరీ తీరుగా, ఒకే తెలుపుతో పెడితే కట్టుడుపళ్ళని వీధి చివర నుంచే తెలిసిపోతుంది. ఒకదాన్ని కాస్త తిప్పాలి, ఒకదానికి కాస్త పసుపు ఇవ్వాలి. "ఈ సినిమాలో అన్నీ ఒకే వరసలో ఉన్నాయమ్మా. బాగున్నాయి. కానీ దాంతో ఎవడైనా అన్నం నమిలాడని నమ్మకం కలగదు. పాతవాటిలో మనకు కుర్చీ వెయ్యలేదు, నిజమే. ఎక్కడో చీకట్లో మనంతట మనం కూర్చున్నాం. ఇందులో కుర్చీ వేసి, సరిగ్గా కూర్చున్నామా లేదా అని అందరూ మనవైపే చూస్తున్నారు."

బాబాయి మావాణ్ణి ఒళ్ళో పెట్టుకుని స్టీరింగు తిప్పే ఆట ఆడిస్తున్నాడు. "కుర్చీ అంటూ వేస్తే, నేనైతే ముందు కూర్చుంటాను" అన్నాడు. "ఎవరు చూస్తే నాకేం. కాళ్ళు నెప్పి."

మామయ్య దుప్పటి మడతపెట్టడానికి లేచాడు.

ఆ తర్వాత వారాలు అలాగే గడిచాయి. నేను వెళ్ళినప్పుడల్లా బాబాయి క్వార్టరు నుంచి ఏదో ఒకటి వచ్చి ఉండేది, పాత ఫ్యాను, కుక్కరు, కిటికీ తెర. "తమ్ముడింట్లో ఇవన్నీ ఉన్నాయిలే" అని మామయ్య ఇంట్లో పడేసి పోతున్నాడు. మనిషి అటు, సామాను ఇటు. మామయ్య ఆ ఫ్యానును తుడిచి పైన పెట్టాడే తప్ప నోరు విప్పలేదు. ఒకసారి నేనే మెట్లమీద ఆపి, ఉండమని అడగొచ్చు కదా మామయ్యా అన్నాను. ఆయన నీళ్ళు నమిలాడు. తమ్ముడు సొంతవాడు, వయసు మీదపడుతోంది, రేపు జబ్బు చేస్తే చూసుకోవడానికి ఇల్లాలూ పిల్లలూ ఉన్న ఇల్లు మంచిది కదా అన్నాడు. నాకు పని పంపే డాక్టర్లు ఏమంటారో అన్నాడు. చివరికి, "ఉండమని అడిగాక ఉండనంటే?" అన్నాడు. చంకలో పిల్లాడు దగ్గుతున్నాడు. అది దుమ్ము దగ్గా, జలుబు దగ్గా అని నా ఆలోచన అటు పోయింది.

నెలలో ఆఖరి ఆదివారం సినిమా ఎంచుకునే వంతు బాబాయిది. ప్రెస్సు సినిమా పెట్టమన్నాడు. ఎక్కడినుంచి సంపాదించిందో, అద్దాలమ్మాయి శుభ్రమైన కాపీ తెచ్చింది. ఇన్నిసార్లు చూసిన గీతలూ మచ్చలూ అందులో లేవు. సిరా తుడిచే పాటలో వేలిగోళ్ళు కూడా కనిపించాయి. టీచరుగారు అద్దాలు సర్దుకుని ముందుకు వంగింది. ఎంత నెమ్మదిగా తుడుస్తున్నాడో చూడండి, చిటికెనవేలు రెండుసార్లు తుడిచాడు అంది. అద్దాలమ్మాయి ఈ ముక్క ఒక్కటి చాలు, వంద కొత్త సినిమాలు దీని ముందు దిగదుడుపే అని, వెంటనే, అలాగని కొత్తవి వద్దని కాదు సుమా అని కలిపింది.

కథలో హీరో పెళ్ళి ఏర్పాట్లు మొదలయ్యాయి. పందిరి లేస్తోంది. బంధువులు దిగుతున్నారు. ప్రెస్సులో స్నేహితుడు ఒక్కడే శుభలేఖలు అచ్చువేస్తున్నాడు. మామయ్య చెయ్యి బటన్ మీదికి పోయింది.

"ఈసారి ఆపొద్దు" అన్నాడు బాబాయి.

మామయ్య ఆపేశాడు. అలవాటో, మొండితనమో తెలియదు. తెరమీద స్నేహితుడు కాగితం పట్టుకుని అలాగే నిలిచిపోయాడు. బాబాయి కుర్చీ చేతులమీద బరువు మోపి లేచాడు. మోకాళ్ళు చప్పుడు చేశాయి. నడిచివచ్చి, మామయ్య వేలు పక్కకు జరిపి, బటన్ తానే నొక్కి, అక్కడే నిలబడ్డాడు.

పెళ్ళి జరిగింది. పాట వచ్చింది. అప్పగింతలయ్యాయి. మేము స్నేహితుడు ఎప్పుడు కనిపిస్తాడా, ఏ విషం తాగుతాడా, ఏ బండికింద పడతాడా అని చూస్తున్నాం. ప్రెస్సుకు కొత్త బోర్డు కట్టారు. హీరో పేరు, అతని భార్య పేరు. అందరూ దానికింద నిలబడి ఫోటో దిగారు. తెరమీద శుభం పడింది.

టీచరుగారు వెనక్కి తిప్పమంది. ఫోటో దగ్గర ఆపి, మొహాలన్నీ ఒక్కొక్కటే వెతికాం. లేడు. శుభలేఖలు అచ్చువేసే ఆ ముక్క తర్వాత అతను సినిమాలో ఎక్కడా లేడు.

"చావలేదా మరి?" అన్నాను నేను. "చస్తాడని మీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదట. అప్పటి సినిమాల్లో అలాంటివాడు చావక ఏం చేస్తాడు అనుకున్నారట. ఇద్దరూ ఒకరి భయం ఒకరికి సాక్ష్యంగా ఇన్నేళ్ళు నమ్ముకుంటూ వచ్చారు. లేబొరేటరీలో ఇలాంటి ఫలితం రాసుకొస్తే నన్ను ఇంటికి పంపేస్తారు.

"చంపడానికైనా గుర్తుండాలి కదమ్మా. మరిచిపోయారంతే" అంది టీచరుగారు.

"ఎక్కడికి పోయాడు వాడు?" అన్నాడు మామయ్య. ఎవరినీ అడిగినట్టు లేదు, తెరవైపే చూస్తున్నాడు.

"ఎక్కడికి పోతాడు?" అన్నాడు బాబాయి. "తమ్ముడింటికి పోయుంటాడు."

మామయ్య తలతిప్పాడు. "ఎందుకు పోవాలి? ప్రెస్సులోనే ఉండొచ్చు కదా. సగం వాడిదే కదా."

"ఉండమని ఎవరైనా అంటే కదా."

"అనాలా? తెలీదా వాడికి?"

"సినిమా సంగతి వదిలెయ్" అన్నాడు బాబాయి. గొంతు పెంచలేదు. రోజంతా బస్సు నడిపి దిగిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడాడు. "ఎల్లుండి తాళంచెవులు ఇచ్చెయ్యాలి. నేనేం చెయ్యాలో చెప్పు. వీళ్ళున్నారని చూడకు. వీళ్ళ ముందే చెప్పు."

అద్దాలమ్మాయి లేచి వెళ్ళబోతే టీచరుగారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మామయ్య చేతులు బల్లమీద పెట్టుకున్నాడు. గోళ్ళ చుట్టూ ఎంత కడిగినా పోని ప్లాస్టర్ తెలుపు.

"నువ్వు పోతే నాకిది ఇల్లు కాదు. పనిగది" అన్నాడు. తర్వాత, అది చాలదనుకున్నాడేమో, "రా. వచ్చెయ్. పెట్టె కింద గదిలో పెట్టుకుందాం" అన్నాడు.

బాబాయి తలమాత్రం ఊపాడు. సంతోషపడ్డట్టు కనిపించలేదు. కుర్చీలో కూలబడి, "తమ్ముడు గది కట్టించాడోయ్. వాడికేం చెప్పను?" అన్నాడు. ఆ ఆదివారం ఎవరూ తమ ముగింపు చెప్పలేదు. మావాడు నిద్రలేచి ఏడుపు అందుకున్నాడు. నేను వాణ్ణి తీసుకుని కిందికి దిగాను.

తమ్ముడికి ఫోన్ చేస్తే ఆయన మాట తూలాడు. అన్నయ్య కోసం అప్పుచేసి గది వేయిస్తే ఊళ్ళో నా పరువు తీస్తావా అన్నాడు. ఆ తర్వాత ఫోన్లు లేవు. మంగళవారం సాయంత్రం బాబాయి తాళాలు డిపోలో ఇచ్చేసి, ఒక పెట్టె, ఒక పరుపుచుట్టతో ఆటోలో వచ్చాడు. నేనూ సాయం పట్టాను. పెట్టె మంచం కింద పట్టలేదు. ఎక్కడ పెట్టాలో అని ఇద్దరూ అరగంట గొడవపడ్డారు. ఇన్నేళ్ళలో వాళ్ళు పోట్లాడుకోగా నేను వినడం అదే మొదలు. మామయ్యకు ఫ్యాను గాలి పడదు, బాబాయికి ఫ్యాను లేకపోతే నిద్రపట్టదు. ఈ సంగతి ఇద్దరికీ ఇప్పుడే తెలిసిందంటే నాకు ఆశ్చర్యమేసింది. ఎప్పుడూ తెల్లవారకముందే ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోయే కాపురమాయె.

మా అమ్మ ఆ వారం మామయ్యను చూడటానికి వచ్చింది. తీగమీద ఆరేసిన బట్టలు చూసింది, గోడవారన పెట్టె చూసింది. బాబాయి కింద వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాడు. అమ్మ మేడెక్కి, స్టూలుమీద కూర్చుని, పైటచెంగుతో మొహం తుడుచుకుంది.

"ఎన్నాళ్ళుంటాడని ఎవరైనా అడిగితే నేనేం చెప్పనురా?" అంది.

మామయ్య ఒక సెట్టుకు నునుపు పెడుతున్నాడు. మిషన్ ఆపలేదు.

"ఉంటాడని చెప్పక్కా" అన్నాడు.

అమ్మ ఇంకేదో అడుగుతుందనుకున్నాను. లేచి, బాబాయి ముక్కలు పెద్దగా తరుగుతున్నాడు, అలా అయితే ఉడకవని చెప్పడానికి కిందికి దిగి వెళ్ళింది.